కాసంత చక్రవర్తులు

తిరిగొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేసు ఇంకా పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. అడుగున రోమ్ మ్యాపు ఒకటి, బందరు లడ్డూ నెయ్యి మరకలతో కనిపించింది. అది చెత్తబుట్టలోకి వెళ్లేలోపు రాసేద్దామని కూర్చున్నాను.

ముందు మేమిద్దరం ఎవరమో చెప్పాలి. నేను హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగిని. రోమన్ బంగారు నాణేలంటే పిచ్చి. కొనే పిచ్చి కాదు, అంత స్తోమత లేదు. వాటి మీది బొమ్మలు చూసే పిచ్చి. నాన్న మచిలీపట్నం చిలకలపూడిలో నలభై ఏళ్లు రోల్డ్ గోల్డ్ పని చేశాడు. రాగి మీద బంగారు రేకు తొడిగి, అసలుదా కాదా అని పక్కింటావిడ తేల్చుకోలేని గాజులు చేయడం ఆయన విద్య. ఆయన ముందు నకిలీ అనకూడదు, కవరింగ్ అనాలి. తమ్ముడు లండన్‌లో ఉన్నాడు కాబట్టి వాడి దగ్గరికి వెళ్తూ మధ్యలో రోమ్‌లో నాలుగు రోజులు ఆగాం.

సోమవారం, రోమ్: తలుపేసిన మ్యూజియం

టెర్మిని స్టేషన్ పక్కనే పలాజ్జో మాస్సిమో మ్యూజియం. దాని నేలమాళిగలో ఉన్న నాణేల కోసమే ఈ ఊరు వచ్చాం. స్టేషన్‌లోంచి రాంగ్ సైడు బయటపడి, పది నిమిషాల దూరానికి ముప్పావు గంట తిరిగి, తీరా వెళ్తే గేటు మూసి ఉంది. సోమవారం సెలవు. ఆరు నెలలుగా ప్లాన్లు వేసిన దానికి ఈ చిన్న సంగతి తెలియలేదేమని నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

నీరసంగా పక్కనున్న బార్‌లో కూలబడ్డాం. అక్కడ బార్ అంటే కాఫీ కొట్టు. రెండు కాఫీలకు 9 యూరోలు తీసుకున్నారు. మర్నాడు ఇంకో కొట్టులో, కౌంటరు దగ్గర నిలబడి తాగితే అవే రెండూ 2.60. కూర్చున్నందుకు వేరే ధర అన్నమాట. "కుర్చీకి అద్దె" అన్నాడు నాన్న. ఆ తర్వాత ఆ ఊళ్లో మేం కాఫీకి కూర్చోలేదు.

చేసేదేం లేక వియా నాజియోనాలే పట్టుకుని కిందికి నడిస్తే ట్రాజన్ చక్రవర్తి ఫోరం, అంటే సభాప్రాంగణం, వచ్చింది. డేసియాను, అంటే ఇప్పటి రుమేనియా ప్రాంతాన్ని, గెలిచి తెచ్చిన సొమ్ముతో కట్టి క్రీ.శ. 112లో ప్రారంభించాడు. మరుసటి ఏడాది ఆ యుద్ధాల కథంతా చెక్కిన స్తంభం లేచింది. స్తంభం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. దాని ముందుండే బసిలికా ఉల్పియా అనే మహా భవనం మాత్రం లేదు. బూడిద రంగు గ్రానైటు కంబాలు, సగానికి విరిగినవి, వరసగా నిలబెట్టి ఉన్నాయి. రోడ్డు పక్క కటకటాల్లోంచి చూడొచ్చు, టికెట్ అక్కర్లేదు.

"ఏదీ భవనం?" అన్నాడు నాన్న.

"నాణెం మీద ఉంది నాన్నా."

నిజంగానే అంతే. దాని ముఖద్వారం ఎలా ఉండేదో, కప్పు మీద రథాలూ విగ్రహాలూ ఎలా నిలబడేవో చూడాలంటే ట్రాజన్ వేయించిన బంగారు నాణెమే దిక్కు. వేలి గోరంత బొమ్మ. కట్టడం కూలిపోయింది, గోరంత బొమ్మ మిగిలింది. ఆ నాణెం లండన్‌లో చూపిస్తానని మాటిచ్చాను.

రాత్రి మోంటి పేటలో కాచో ఎ పెపె తిన్నాం. సన్న సేమ్యాలాంటి పాస్తా, చీజు, దంచిన మిరియాలు, అంతే. నాన్న శాకాహారి. ఆ చీజుకి పాలు ఎలా విరగ్గొడతారో ఆయనకు నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి. 11 యూరోల ప్లేటు, అడక్కుండానే తెచ్చిన రొట్టెకు ఇంకో 2. "మిరియాల పొంగలికి దగ్గరి చుట్టం" అని రెండో ముద్దకే తేల్చేశాడు.

మిరియాల మాట వచ్చింది కాబట్టి ప్లినీ సంగతి చెప్పాను. మొదటి శతాబ్దపు ఈ రోమన్ పెద్దమనిషికి మిరియాలంటే ఒళ్లు మంట. ఘాటు తప్ప ఏముంది దీన్లో, అయినా బంగారం వెండి లాగా తూచి కొంటున్నారే అని రాశాడు. ఏటా 5 కోట్ల సెస్టెర్సులు ఇండియాకు పోతున్నాయని కూడా ఏడ్చాడు. నాన్న బల్ల మీద పరిచిన కాగితం మీద లెక్క మొదలుపెట్టాడు. ఒక బంగారు ఆరియస్‌కు 25 వెండి దెనారియస్‌లు, దెనారియస్‌కు 4 సెస్టెర్సులు. అంటే ఆరియస్‌కు వంద.

"ఐదు లక్షల బంగారు నాణేలా! ఒక్కోటి ఎంత తూగుతుంది?"

"ఆగస్టస్ కాలంలో 8 గ్రాములకు కొంచెం తక్కువ."

పెన్ను ఆగిపోయింది. "అంటే కాసు."

నాకు తట్టనే లేదు! మా వైపు బంగారం కాసుల్లోనే కొంటారు. కాసంటే 8 గ్రాములు. ఇది ఇంగ్లిషు సవరిన్ తూకం నుంచి వచ్చిన లెక్క, రోమ్‌తో చుట్టరికమేమీ లేదు. ఊరికే కలిసింది. ప్లినీ లెక్కంతా బంగారంలోనే వెళ్లలేదని, వెండి కూడా బాగా వెళ్లిందని చెప్పాను గానీ నాన్న అప్పటికే ఐదు లక్షల కాసుల దగ్గర ఆగిపోయాడు.

మంగళవారం, పలాజ్జో మాస్సిమో: నేలమాళిగ

పైన అంతస్తుల్లో గొప్ప గొప్ప కుడ్యచిత్రాలున్నాయట. మేం నేరుగా కిందికి దిగాం. బ్యాంకు లాకరు గదిలోకి దిగినట్టే అనిపించింది, రోజూ చూసేదాన్ని కదా. గాజు అరల్లో వందలకొద్దీ నాణేలు. బటన్ నొక్కితే లోపల భూతద్దం జరుగుతూ వెళ్లి మనకు కావలసిన నాణెం మీద ఆగుతుంది. నాన్న చంటిపిల్లాడైపోయాడు. వెనక క్యూ కట్టిన స్కూలు పిల్లలు గొణుగుతున్నా బటన్ వదల్లేదు.

నేను మొహాలు చూశాను. ఆగస్టస్ డెబ్భై దాటినా నాణెం మీద పాతికేళ్లవాడే. వెస్పేషియన్ అలా కాదు, బట్టతల, మెడ మీద ముడతలు, పెదవులు బిగించిన పల్లెటూరి రైతు మొహం. ఆ మొహాన్ని బంగారంలో అలాగే వేయించుకున్నాడంటే ఆయన మీద నాకు గౌరవం. నీరో కథయితే మొత్తం బంగారంలోనే చదవొచ్చు. 54లో పదహారేళ్లకు గద్దెనెక్కినప్పుడు వేసిన ఆరియస్ మీద వాడూ వాళ్లమ్మ అగ్రిప్పినా ఎదురెదురుగా ఉంటారు. బొమ్మ చుట్టూ ఉన్న పేరు అమ్మది. మరుసటి ఏడాది ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు, కొడుకు ముందు, అమ్మ వెనక, పేరు కొడుకుది. ఆ తర్వాత అమ్మ బొమ్మే లేదు. 59లో చంపించేశాడు. అక్కణ్ణుంచి నాణెం నాణేనికీ వాడి మెడ లావెక్కుతూ, గడ్డం కింద కండ వేలాడుతూ వస్తుంది. మొహం లావెక్కింది గానీ నాణెం చిక్కింది. 64లో తూకం తగ్గించాడు. అప్పటిదాకా రోమన్ పౌను, అంటే 320 గ్రాముల పైచిలుకు, బంగారానికి దాదాపు 40 నాణేలు, అప్పట్నుంచి 45.

"ఈ అక్షరాలేంటి?" అని నాన్న వేలు పెట్టి చూపించాడు. టి, ఆర్, పి. ట్రిబ్యునీషియా పొటెస్టాస్ అనే అధికారానికి పొట్టి రూపం. పక్కనున్న అంకెను బట్టి ఎన్నోసారి తీసుకున్నాడో, అంటే ఏ సంవత్సరపు నాణెమో చెప్పేయొచ్చు.

"అప్పుడు కూడా టీఆర్‌పీలేనా" అన్నాడు. స్కూలు పిల్లలు మా నవ్వు చూసి నవ్వారు.

ఆయన చూసేది వేరు. "ఇక్కడ దెబ్బ పక్కకు పడింది, చూశావా, అక్షరాలు సగం అంచు దాటిపోయాయి." "ఈ అచ్చు అరిగింది, జుట్టు చూడు." అచ్చులో ముక్కును గుంటగా చెక్కాలి, అదీ కుడిఎడమలు తిప్పి. కళ్లద్దాలు, కరెంటు దీపాలు లేని రోజుల్లో రెండు సెంటీమీటర్ల వెడల్పులో చెవి తమ్మె చెక్కినవాడెవడని ఆయన ధ్యాస. "పేరు వేసుకోలేదా?" వేసుకోలేదు. సిసిలీలో, సిరక్యూస్ గ్రీకుల అచ్చుల మీద కిమోన్, యువైనెటోస్ లాంటి చెక్కడపువాళ్ల పేర్లున్నాయి. రోమన్ నాణేల మీద చెక్కినవాళ్ల పేర్లు లేవు. నాన్న మొహం మాడింది.

కాన్‌స్టాంటైన్ దగ్గరికొచ్చేసరికి నాణెం సాలిడస్ అయిపోయింది, పౌనుకు 72, అంటే నాలుగున్నర గ్రాములు. ఆ తర్వాతి చక్రవర్తులు చాలామందివి ఒకే మొహం. శిరస్త్రాణం, ఈటె, డాలు, ఎదురుగా చూసే పెద్ద కళ్లు. చుట్టూ ఉన్న పేరు చదవకపోతే ఎవరో తెలీదు. నాకవి నచ్చవు. "ముందువాళ్లు మనుషులు. వీళ్లు గుడిలో దేవుళ్లు" అన్నాడు నాన్న. మెచ్చుకోలో కాదో తెలియలేదు.

ఆ అరల్లో ఆయన మనసు దోచింది మాత్రం చక్రవర్తి కాదు, ఇటలీని ఏలిన గోత్ జాతి రాజు థియోడరిక్. మూడు సాలిడస్‌ల బరువుతో, 15 గ్రాముల పైచిలుకు పతకం. 500 ప్రాంతంలో చేసింది, ఒక్కటే మిగిలింది. ఎదురుగా చూస్తున్న రాజు, చేతిలో గోళం మీద విజయదేవత, పొరలు పొరలుగా జుట్టు. పై పెదవి మీద మీసం! గడ్డాలున్న చక్రవర్తులను చూశాం గానీ ఉత్త మీసం ఇదొక్కటే. "మనూరి మునసబులా ఉన్నాడు" అని పది నిమిషాలు అక్కడే నిలబడ్డాడు.

బయటకొచ్చే దారిలో గ్రొట్టారొస్సాలో దొరికిన ఎనిమిదేళ్ల పిల్ల మమ్మీ ఉంది. పక్కన ఆ పిల్ల దంతపు బొమ్మ, నీలాలు కూర్చిన బంగారు గొలుసు. నాన్న గొలుసు కొక్కెం వంక చూసి, పిల్ల వంక చూసి, ఏమీ మాట్లాడకుండా మెట్లెక్కేశాడు.

బుధవారం, సాన్ క్లెమెంతె: సుత్తి కొట్టేవాళ్లు

మొదట నాణేలు కొట్టే టంకశాల కాపిటోలైన్ కొండ మీద, జూనో మొనేటా అనే దేవత గుడి పక్కన ఉండేది. ఇంగ్లిషులో డబ్బుకు వాడే మాట ఆ మొనేటా నుంచే పుట్టింది. ఇప్పుడక్కడ అరాచేలి చర్చి ఉంది, 124 మెట్లు. నాన్న మోకాళ్లు ఇరవయ్యో మెట్టు దగ్గరే రాజీనామా ఇచ్చాయి. కింద వీధి కుళాయి దగ్గర సీసా నింపుకున్నాం. ఆ ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ ధారగా చల్లటి మంచినీళ్లు వస్తుంటాయి, పైసా లేదు. రోమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదేనేమో.

తర్వాత టంకశాలను సీలియన్ కొండ వైపు మార్చారు. అది సాన్ క్లెమెంతె చర్చి అడుగున ఉందని పండితుల్లో కొందరి మాట. పైన పన్నెండో శతాబ్దపు చర్చి, దాని కింద నాలుగో శతాబ్దపు చర్చి, దాని కింద మొదటి శతాబ్దపు రాతి గోడలు. దిగేకొద్దీ చలి. అడుగున ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. పెద్ద పెద్ద బండరాళ్ల గోడ, ఇరుకు గదులు, అంతే. ఇంకేమీ లేదు. కానీ ఈ చుట్టుపక్కల దొరికిన శాసనాలున్నాయి. 115 జనవరి 28న టంకశాల పనివాళ్లు దేవతలకు సమర్పించుకున్నవి. వాటిలో పనుల పేర్లు వరసగా ఉంటాయి. సిగ్నాతోరెస్, అచ్చు పనివాళ్లు. సుప్పోస్తోరెస్, బిళ్లను అచ్చు మధ్య సర్దేవాళ్లు. మల్లియాతోరెస్, సుత్తి కొట్టేవాళ్లు. వాళ్ల పెద్ద ఫీలిక్స్, బానిసగా ఉండి విడుదలైనవాడు.

నాన్న గోడ మీద అరచెయ్యి ఆనించి విన్నాడు. "ఫీలిక్స్. పోనీలే, ఒక్క పేరన్నా దొరికింది." సర్దేవాడి వేళ్ల గురించి కూడా అడిగాడు. సుత్తివాడు రోజుకు కొన్ని వేల దెబ్బలు కొడుతుంటే మధ్యలో వేళ్లు పెట్టి తీసేవాడు ఎన్నాళ్లుంటాడు అని. పుస్తకాలు చదివిన నాకు ఎప్పుడూ రాని సందేహం. 271లో ఈ టంకశాలవాళ్లు అరీలియన్ చక్రవర్తి మీద తిరగబడితే ఈ సీలియన్ కొండ మీదే యుద్ధం జరిగిందని చెప్పాను. "కూలి పెంచలేదేమో" అన్నాడు. నిజానికి వెండిలో కల్తీ చేసి తినేశారని ఆరోపణ. అది విని కాసేపు మాట్లాడలేదు.

గురువారం, వియా దెల్ పెల్లెగ్రీనో: ఇద్దరు కంసాలులు

కంసాలుల చర్చి ఒకటుంది, సాంత్ ఎలీజియో. రఫాయెల్ గీసిన నమూనా. దానికోసం బయల్దేరి దారి తప్పాం. ఫోన్‌లో మ్యాపు ఉత్తరం చూపిస్తే నేను దక్షిణం నడిచాను. మూడోసారి అదే పూలకొట్టు కనిపించేసరికి నాన్న ఇక నడవనని పక్క సందులో ఒక అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నది ఒక కంసాలి దుకాణం అరుగు. ఈ వీధంతా ఒకప్పుడు వాళ్లదేనట.

లోపల ముసలాయన, కంటికి భూతద్దం, ముందు గుంట కోసిన చెక్కబల్ల. నాన్న బల్ల చూశాడు, ఆయన నాన్న చేతులు చూశాడు. బొటనవేలి మీద ఆకురాయి కాయలు ఇద్దరికీ ఒకే చోట ఉన్నాయి. నాకు వచ్చిన ఇటాలియన్ పది మాటలు, వాళ్లకు అవీ అక్కర్లేకపోయాయి. ఆయన ఒక ఉంగరం చూపించాడు, హేడ్రియన్ బొమ్మ నాణెం పొదిగింది, కొత్తగా పోసిన నమూనా. నాన్న తన వేలి ఉంగరం తీసి ఇచ్చాడు. ఆయన రుద్దాడు, చేతిలో ఎగరేశాడు, భూతద్దంలో అంచు చూశాడు. "ఓరో" అన్నాడు. బంగారం అని.

నాన్న తల అడ్డంగా ఊపాడు. నలభై ఏళ్ల సర్వీసులో అంత ఆనందంగా తల అడ్డంగా ఊపి ఉండడు.

ఆయన మళ్లీ చూసి, లోపలి వైపు అతుకు దగ్గర గోటితో గీకి, అప్పుడు పెద్దగా నవ్వాడు. రోమన్‌లకూ ఇది కొత్తేమీ కాదు. లోపల రాగి, పైన వెండి రేకు తొడిగిన దొంగ దెనారియస్‌లు బోలెడు దొరికాయి. ఆ సంగతి చెప్తే నాన్న గర్వపడ్డాడు. రెండు బందరు లడ్డూలు ఇచ్చాం. ఆయన ఒకటి తిని, రెండోది కాగితంలో చుట్టి గల్లాపెట్టెలో పెట్టాడు. చర్చికి వెళ్లేసరికి మూసేశారు.

తర్వాతి సోమవారం, లండన్: కోత

బ్రిటిష్ మ్యూజియంలో నాణేల విభాగానికి ముందే రాసి అడిగితే, లోపలి గదిలో కూర్చోబెట్టి, ట్రేలో పెట్టి చూపిస్తారు. పెన్ను కూడదు, పెన్సిలే. నాణేన్ని అంచులు పట్టుకుని, మెత్తటి గుడ్డ మీదికి వంగి చూడాలి. నాన్న మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు.

ముందు ట్రాజన్ నాణెం. ఇదిగో బసిలికా ఉల్పియా, కంబాలు, పైన రథాలు, కింద పేరు. నాన్న ఒక్క క్షణం చూసి, "అబ్బో, కప్పుంది" అన్నాడు.

తర్వాతి ట్రే పుదుక్కోట్టైది. 1898లో తమిళనాడులో, ఆ సంస్థానంలో ఒక కుండలో దొరికిన 501 ఆరియస్‌లలో కొన్ని. ఆగస్టస్ నుంచి వెస్పేషియన్ దాకా. నూటికి తొంభైకి పైగా నాణేల మీద చక్రవర్తి తల మీదుగా ఉలి గాటు ఉంది. ఫొటోల్లో చాలాసార్లు చూశాను. చేతిలోకి తీసుకుంటే వేరు. టైబీరియస్ చెవి నుంచి చెంప దాకా లోతుగా, లోపల పసుపు మరీ పచ్చిగా మెరుస్తూ. వెనక కూర్చున్న స్త్రీ, చేతిలో కొమ్మ. ఆవిణ్ణి ఎవరూ ముట్టుకోలేదు.

ఎందుకు కోశారో పండితులు తలో మాట చెబుతారు. చెలామణిలోంచి తీసేయడానికని కొందరు, ఇక ఉత్త బంగారంగా తూకానికేనని చెప్పడానికని కొందరు, లోపల రాగి ఉందేమో చూడ్డానికని కొందరు. మన దేశంలో ఈ డబ్బు పేరైతే బాగానే నిలిచింది. నాగార్జునకొండ స్తంభ శాసనంలో, ఇక్ష్వాకుల కాలంలో, రుద్రధరభట్టారిక అనే రాణి 170 దీనారి మాషకాలు దానమిచ్చిందని ఉంది. దెనారియస్ మన నోట్లో దీనారమైంది. మా బందరు తీరాన్నీ అక్కడి నూలు బట్టల్నీ ఆనాటి గ్రీకు నావికుల పుస్తకం మసాలియా పేరుతో చెప్పింది. ఇవన్నీ నేను గుసగుసగా చెబుతున్నాను. నాన్న వినడం లేదు.

"లోపల రాగి చూడ్డానికే" అన్నాడు.

"అయితే మొహం మీదే ఎందుకు? అంచు మీద గీకొచ్చుగా?"

"అంచు మీద నేనైతే రేకు మందంగా వేస్తా, అక్కడే గీకుతారని తెలుసు కాబట్టి. మొహం ఎత్తుగా ఉంటుంది. రేకు అక్కడే సాగి పల్చనవుతుంది. పని తెలిసినవాడు అక్కడే కోస్తాడు."

ఇది చిలకలపూడి సిద్ధాంతం, పండితులకు వదిలేస్తున్నాను. ఆయన ఇంకో నాణెం తీసుకున్నాడు, ఇంకోటి. అన్నిటి మీదా గాటు వంకే చూస్తున్నాడు, చక్రవర్తి వంక కాదు. ఎదురుగా కూర్చున్న మ్యూజియం అమ్మాయి ఇంకేమైనా చూస్తారా అని రెండుసార్లు అడిగింది.

"ఒక్కటే దెబ్బ" అన్నాడు చివరికి. "రెండోది లేదు. వెనక బొమ్మ చెదరలేదు. ఎంత బలం పెట్టాలో వాడికి తెలుసు."

బయట మ్యూజియం ముంగిట్లో బల్ల మీద కూర్చుని మరదలు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. నాన్న సగంలో ఆపి, డబ్బా మూత బోర్లించి, చెంచా కాడ దాని మీద నిలబెట్టి, కుడిచేత్తో గాలిలో సుత్తి దెబ్బ వేసి చూశాడు. మళ్లీ మూతను కొంచెం తిప్పి పెట్టి వేశాడు.

"ఇటు నుంచి కొట్టాడమ్మాయ్" అన్నాడు.